అగ్నిద్యోతనుని నెయ్యము: పోతన రుక్మిణీకల్యాణమున ఒక పరిశీలనము

తెలుగునాట రుక్మిణీకల్యాణము వినని ఇల్లు అరుదు. పెండ్లి కుదురవలసిన కన్యలచేత ఈ ఘట్టమును పారాయణము చేయించుట మన కుటుంబములలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. విమర్శకులును దీనిని ఉపేక్షింపలేదు. రుక్మిణి సందేశములోని భక్తిని, పోతన పద్యశయ్యను, సంస్కృతమూలమునకు అతడు చేసిన పెంపును గూర్చి విరివిగా చర్చించిరి. అయినను ఈ కథను నడపిన మూడవ వ్యక్తిని, విదర్భ నుండి ద్వారకకు పోయి తిరిగి వచ్చిన బ్రాహ్మణుని, మనము కథలోని ఒక పనిముట్టుగానే చూచితిమి. తరగతిలో సందేశమును వివరించి, తెచ్చినవానిని వాకిటనే విడిచి వచ్చుచున్నాము. ఆ బ్రాహ్మణునకును రుక్మిణికిని గల సంబంధమెట్టిది? అతడు దూత మాత్రమేనా? ఈ ప్రశ్నను మూలముతో పోల్చి పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

ముందుగా ఒక మాట. ఆ బ్రాహ్మణుడు వృద్ధుడని పోతన ఎక్కడను వయస్సు నిర్దేశించి చెప్పలేదు. కాని రాచకన్య అతనిని పండితశ్రేష్ఠునిగా సంబోధించును. తండ్రి చేయజాలని పనిని అతనికి అప్పగించును. అతడు త్రోవలో అలసిపోయెనేమో యని దిగులు పడును. అతడును ఆమెను కన్యకగా పిలుచును. ఇవి అన్నియు వయస్సునను, విద్యలోను పెద్దయైన ఒక గృహస్థును మన కన్నులకు గట్టించుచున్నవి. కావున ఈ వ్యాసమున అతనిని పెద్దగా గ్రహించుట కవి చెప్పిన మాట కాదు, కవి సూచనలనుండి చేసిన ఊహ అని పాఠకులు గమనింతురు గాక.

పోతన జన్మస్థానమును గూర్చి ఒంటిమిట్ట, బమ్మెర వాదములు పండితలోకమునకు క్రొత్తవి కావు. బమ్మెర పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాల పునర్విభజనము జరిగినప్పుడు జనగామ జిల్లాలో చేరినది. మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలును ఆనాడే వేరుపడినవి. ఈ భూభాగమును దృష్టిలో నుంచుకొని చూచినచో రుక్మిణీకథ దూరదేశపు కథగా తోచదు. రుక్మిణి పుట్టిన కుండిననగరమును మహారాష్ట్రమున అమరావతి జిల్లాలో వార్ధానది యొడ్డున నున్న కౌండిణ్యపురముగా సంప్రదాయము గుర్తించుచున్నది. ఆ వార్ధ వైనగంగతో కలిసి ప్రాణహిత యగును; ప్రాణహిత భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరమునొద్ద గోదావరిలో కలియును. అనగా రుక్మిణి ఊరి నీరు తెలుగునేలకు వచ్చి చేరుచున్నది. కాళేశ్వరమున నిలిచి ఆవలి యొడ్డు చూచువానికి కనబడునది నేటికిని విదర్భ యనియే పిలువబడు సీమ. బమ్మెరవాదమును అంగీకరించువారికి విదర్భరాజపుత్రి పొరుగుసీమ పిల్లయే.

ఇక ఆమె వయస్సు. పోతన రుక్మిణీబాల్యమును వర్ణించుటలో ప్రత్యేకశ్రద్ధ వహించెను. బొమ్మలకు పెండ్లిండ్లు చేసి తోడిబాలికలతో వియ్యమందుట, గుజ్జెనగూళ్ళు వండించి చెలులకు పెట్టుట, పూఁదీగెలను పెంచుట, బంతులాడుట, చిలుకలకు చదువు చెప్పుట — ఈ ఆటపాటలను చెప్పిన వెంటనే ఆమె మేన యౌవనము పొడసూపుటను కవి వర్ణించెను. బొమ్మలపెండ్లికిని తన పెండ్లికిని నడుమ ఆమెకు దొరికిన కాలము మిక్కిలి స్వల్పము. నిన్నటివరకు పెండ్లి ఆట. నేడు అది ఇతరులు తనపై ఆడు ఆట. ఈ సంధికాలమున నున్న బాలికయే సందేశము పంపినది. ఆ సంగతిని మరచినచో ఆమె ధైర్యము గాని, ఆమెకు తోడ్పడినవాని విలువ గాని మనకు తెలియవు.

ఆమె ఇంట పెద్దలు లేకపోలేదు. తండ్రి భీష్మకుడు రాజు. అన్నలు ఐదుగురు. బంధువులు ఆమెను కృష్ణున కీయ దలచినవారే. అందరి ఇష్టమును రుక్మి యొక్కడు త్రోసిపుచ్చి శిశుపాలునకు నిశ్చయించెను, తక్కినవారు ఊరకుండిరి. ఇందులో దుర్మార్గుడు ఒక్కడే, కాని నిస్సహాయులు అందరును. పెద్దలు చెడ్డవారగుటచేత గాక, మంచి పెద్దలు నోరు మెదపకుండుటచేత బాలికకు ఆపద కలిగినది. ఇంట నున్న పెద్దరికము విఫలమైనచోట బయటి పెద్ద ఒకడు కావలసివచ్చెను.

మూలమున ఈ నియోగము అతిసంక్షిప్తము. సంస్కృతభాగవతము దశమస్కంధమున 52వ అధ్యాయములో రుక్మిణి దుఃఖించి, ఆలోచించి, ఆప్తుడైన ఒకానొక ద్విజుని కృష్ణునికడకు పంపెనని వ్యాసుడు ఒక్క శ్లోకమున ముగించెను. ఆమె అతనితో ఏమి పలికినదో అక్కడ లేదు. పోతన ఆమెకు నోరిచ్చెను. ఆమె అతనిని పిలిచి అన్న గర్వమును, చేయదలచిన పనిని చెప్పి, ఏవిధముననైనను పోయి విన్నవింపుమని వేడుకొన్నది. తరువాతి కందమున కొడుకు తలంపులను తండ్రి వారింపజాలడనియు చెప్పినది. ఈ కందమున ఒక విశేషము కలదు. బ్రాహ్మణుని ఆమె అయ్యా యని పిలిచినది. తండ్రిని అయ్య యని పేర్కొన్నది. ప్రాసస్థానమున ఈ రెండును ఒకదానిక్రింద నొకటి నిలిచినవి. తండ్రిని అయ్య యని పిలుచుట ఈ ప్రాంతపు పల్లెలలో పెద్దలెరిగిన వాడుకయే. ఒక అయ్య చేయలేని పనికి మరియొక అయ్యను అర్థించుట ఆ రెండు పాదములలో ఇమిడినది. ఇది ప్రాసచేత కలిగిన యాదృచ్ఛికమని త్రోసివేయవచ్చును. కాని మహాకవి ప్రాసలలో అర్థము తనంతట వచ్చి కూర్చుండుట మనమెరుగనిది కాదు. పిదప ఆమె అతనికి రహస్యవచనములు కొన్ని చెప్పినది. తల్లిదండ్రులకు చెప్పని మాట అతనికి చెప్పినది. స్నేహమునకు మొదటి గుర్తు ఇది.

ద్వారకలో జరిగినది రెండవ గుర్తు. సాహిత్యదర్పణకారుడు దూతలను నిసృష్టార్థుడు, మితార్థుడు, సందేశహారకుడు అని మూడు విధములుగా విభజించెను. చెప్పిన మాటను చెప్పినట్లు చేర్చువాడు సందేశహారకుడు. ఇరువురి భావమును ఊహించి, తానై ఉత్తరము చెప్పి, కార్యమును పొసగించువాడు నిసృష్టార్థుడు. సంస్కృతభాగవతమున రుక్మిణి ఈ బ్రాహ్మణుని తన సందేశమును కొనిపోయినవాడనియే తలచుకొన్నది. అతడును ఏడు శ్లోకముల సందేశమును వినిపించి, ఇవి నేను తెచ్చిన రహస్యసందేశములు, విచారించి చేయదగినది చేయుమని విరమించెను. అది నిర్దుష్టమైన దౌత్యమే. పోతన బ్రాహ్మణుడును కర్తవ్యమేదో చేయుమని మొదట అన్నవాడే. కాని అంతటితో ఆగలేదు. ఆ కన్య నీకు తగును, నీవామెకు తగుదువు, ఈ పెండ్లి తప్పదు, ఆలస్యమెందులకని కృష్ణుని తొందరపెట్టెను. పైగా తన ఉపాధ్యాయులమీద ఆనపెట్టెను. ఈ ఒట్టు గమనింపదగినది. ఆ బ్రాహ్మణునకు రాజ్యము లేదు, సైన్యము లేదు. అతనియొద్ద నున్న ధనము గురువుల వలన వచ్చిన విద్య యొక్కటియే. దానినే ఒక బాలిక కొరకు ఒడ్డెను. సందేశహారకుడు ఈ విధముగా నిసృష్టార్థుడయ్యెను, నిసృష్టార్థుడై స్నేహితుడయ్యెను.

ఇక్కడ ఒక లోపమును దాచరాదు. పోతన ఇదే బ్రాహ్మణునిచేత రుక్మిణి అవయవసౌందర్యమును గూడ వర్ణింపజేసెను. ఇది కావ్యసంప్రదాయమున ఎవరి నోటనైనను వినబడు వర్ణనమే. వరుని మనస్సును కదలించుటకు ఉద్దేశించినదే. అయినను, ఆపదలో నున్న బాలికకు ఆప్తుడై వచ్చిన పెద్ద నోట ఆ వర్ణనము ఇముడదు. తగుదురన్న ఒక్క పద్యము చేసిన పనిని ఆ వర్ణనము చేయలేదు. అక్కడ పలికినది బ్రాహ్మణుడు కాదు, వర్ణనలకు అలవాటుపడిన కావ్యభాష. పాత్రను ప్రేమించు పాఠకుడు ఈ రెంటిని వేరుచేసి చదువుకొనవలసియున్నది.

సందేశకథనములో మరియొక సూక్ష్మము కలదు. రుక్మిణి మనస్సులోని అతిసుకుమారమైన మాటలను మనము ఆమె నోట వినలేదు. ఆ బ్రాహ్మణుని నోట వినుచున్నాము. మూలమునను ఇట్లే యున్నది. కాని పోతన సందేశమును పెంచి, మూలమున లేని ఆర్తిని జోడించి, ఆ పద్యములన్నిటిని ఆ పెద్ద గొంతున నిలిపెను. నేను నిన్ను వరించితి ననునది కన్య మాట. పలుకుచున్నది నడివయస్సు దాటిన పండితుని కంఠము. ఆ కంఠము ఆమె మాటను సవరింపలేదు, సిగ్గుపడి కుదింపలేదు, హితోపదేశము చేర్చలేదు. పెద్దలు పిన్నల మాటను మోయునప్పుడు సాధారణముగా తమ మాటగా మార్చివేయుదురు. ఇతడు అట్లు చేయలేదు. తన మాటను వేరుగా, ఆమె మాట ముగిసిన పిదప చెప్పెను.

మూడవ గుర్తు ఎదురుచూపులలో కలదు. మూలమున రుక్మిణి లగ్నము దగ్గరపడినదని చింతించి, కృష్ణుడు రాలేదు, నా సందేశము కొనిపోయిన ద్విజుడును తిరిగిరాలేదని అనుకొన్నది. పోతన రుక్మిణి ఆ బ్రాహ్మణుని అగ్నిద్యోతనుడని పేరుపెట్టి తలచుకొని, ఏల తడసెనో యని కలతపడినది. పంపునాడు కవి అతనిని ఆప్తుడైన ఒక బ్రాహ్మణుడనియే చెప్పెను. మూలమున పేరులేనివానికి తెలుగున పేరు వచ్చినది; ఆ పేరు బాలిక దిగులులో పలికినది. ఆ పద్యమున ప్రాసాక్షరము గ్నకారము గావున, పేరు ప్రాసకొరకే పుట్టినదని ఒకరు ఆక్షేపింపవచ్చును. ప్రాసయే పేరును తెచ్చియుండవచ్చును. కాని ఆ తావున పేరే కావలెనను నిర్బంధము ప్రాసకు లేదు. పేరు కావలసినది ఆమె మనస్సునకు. తన పని చేయుటకు పోయినవాడు అను తలంపు, ఫలానివాడు అను తలంపుగా మారిన క్షణమది. మరియొక పద్యమున ఆమె సందేహములు వరుసగా సాగును. కృష్ణుడు తప్పుగా తలచెనేమో, ఈశ్వరుడు అనుకూలింపడేమో, గౌరి రక్షింపదేమో — వీని అన్నిటికంటె ముందు ఆ బ్రాహ్మణుడు చేరెనో, మార్గశ్రమచేత నడుమ చిక్కెనో యను చింత నిలిచినది. మూలమున ఆలస్యమును గూర్చిన బాధ మాత్రమే కలదు. అలసటను గూర్చిన తలపు లేదు. తన బ్రతుకు రేపు తీరనున్న వేళ మరియొకని కాలినొప్పిని తలచుకొనుట స్నేహలక్షణము గాక మరేమి?

అతడు కృష్ణునితో గూడ ఒక్కరాత్రిలో రథముమీద విదర్భకు వచ్చెను. వచ్చి ఆమెను చూచి, కృష్ణుడు మెచ్చెనని, తనకు ధనమిచ్చెనని, దేవదానవులు అడ్డమైనను నిన్ను కొనిపోవునని, నీ సచ్చరితము ఫలించినదని చెప్పెను. ఇందు తన గొప్ప ఒక్క మాటయు లేదు. ఫలము ఆమె నడవడికి చెందినదనెను. మూలమున ఆమె అతనికి ఈయదగిన ప్రియవస్తువు కానక నమస్కరించెనని మాత్రము కలదు. లక్ష్మీస్వరూపిణి మ్రొక్కుటయే సమస్తసంపదలను ఇచ్చుట యని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. పోతన ఆ మౌననమస్కారమును మాటలుగా విప్పెను. నీ దయచే బ్రతికితిని, నీవంటి పుణ్యాత్ములు కలరా, దీనికి ప్రత్యుపకారము చేయనేరను, చేతులు మోడ్చుచున్నాను అని ఆమె పలికినది. బ్రాహ్మణవంశమున మణివంటివాడనుటతో తనియక, సద్బంధువులకు చింతామణివంటివాడనినది. మొదటిది కులమునుబట్టి వచ్చిన గౌరవము. రెండవది అతడు సంపాదించుకొన్న చుట్టరికము. ఐదుగురు అన్నలు గల పిల్ల బంధువను మాటకు పరుని ఎన్నుకొన్నది.

ఈ వాదమునకు ఆక్షేపములు రెండు రావచ్చును. బ్రాహ్మణుడు ఆచార్యుడు, రుక్మిణి జీవుడు, కృష్ణుడు పరమాత్మ. ఆచార్యుడు జీవుని దేవునితో చేర్చును. ఇందు స్నేహమెక్కడిదని భక్తిసంప్రదాయము అడుగును. ఆ అన్వయము అందమైనదే. కాని ఆచార్యుడు శిష్యునకు మార్గము చూపును. ఇక్కడ మార్గము నిర్ణయించినది రుక్మిణి. ఏనాడు రావలెనో, నగరము వెలుపలి గౌరీగృహమునుండి తన్నెట్లు కొనిపోవలెనో, బంధువధ లేకుండ పని యెట్లు జరుగునో ఆమెయే చెప్పి పంపినది. అతడు ఆ యుక్తిని మోసెను గాని కల్పింపలేదు. రెండవ ఆక్షేపము ధనమును గూర్చినది. అతనికి కృష్ణుడు ధనమిచ్చెను గనుక అది సేవకు కూలి యనవచ్చును. కాని ఆ ధనము ముందుగా ఒప్పుకొన్నది కాదు, పంపినది ఇచ్చినదియు కాదు. మూలమున కృష్ణుడు అతనిని పరామర్శించుచు, దొరికినదానితో తృప్తిపడు బ్రాహ్మణుని స్వభావమునే కొనియాడెను. ఆశ లేనివానికి భయము తక్కువ. అందుచేతనే అతడు రుక్మి కన్నుగప్పి పోగలిగెను.

ఈ విషయమును ఇతరసాహిత్యములతో పోల్చినచో స్పష్టత హెచ్చును. భవభూతి మాలతీమాధవమున కామందకి యను వృద్ధపరివ్రాజిక మాలతిని రాజప్రియుడైన నందనుని పెండ్లినుండి తప్పించును. కాని ఆమె పన్నాగమునకు మూలము ఉభయుల తండ్రుల పూర్వప్రతిజ్ఞ. వారు ఆమెకు సహాధ్యాయులు. అనగా ఆమె పెద్దల మాటను పెద్దల తరపున నెరవేర్చుచున్నది. 1597లో మొదట అచ్చుపడిన షేక్‌స్పియరు రోమియో జూలియెట్ నాటకమున, పదునాలుగేండ్లు నిండని జూలియెట్‌ను తండ్రి పారిస్ అనువానికీయ నిశ్చయించగా, ఆమె లారెన్సు అను సన్న్యాసిని ఆశ్రయించును. ఆ సన్న్యాసి సజ్జనుడే. కాని ఉపాయము అతనిదే. దాని ఫలము ఆమె ప్రాణమునకు వచ్చెను. అతని లేఖను కొనిపోయిన మరియొక సన్న్యాసి మహామారి భయమున ఒక ఇంట నిర్బంధింపబడి గమ్యము చేరలేదు. రుక్మిణి దేనికి వెఱచినదో అదియే అక్కడ జరిగినది. తుదిని సమాధిలో, కావలివారి అలికిడి విని, లారెన్సు ఆమెను విడిచి వెడలిపోయెను. అగ్నిద్యోతనుడు తిరిగివచ్చెను. రెండు కథలకు సుఖదుఃఖాంతభేదము దైవకృతమని మాత్రమే చెప్పి ఊరకుండరాదు. ఒక పెద్ద బాలిక కొరకు ఆలోచించెను. మరియొక పెద్ద బాలిక ఆలోచనను నమ్మెను. పెద్దరికమునకును నెయ్యమునకును గల భేదమిది.

ఈ నేలపై వయస్సుల తారతమ్యమును భక్తి తారుమారు చేయుట పోతనకు పూర్వమే కలదు. బమ్మెరకు సమీపముననే యున్న పాలకుర్తికి చెందిన సోమనాథుడు బసవపురాణమున, శివునకు తల్లి లేదని వగచి తానే తల్లియైన బెజ్జమహాదేవిని చిత్రించెను. కాని అక్కడ సంబంధము భక్తునకును దేవునకును నడుమనే. ఇద్దరు మానవుల నడుమ, ఒకరి కష్టము కొరకు మరియొకరు నడచిన త్రోవను ఇంత శ్రద్ధగా చూపుట పోతన ప్రత్యేకత. అట్టి తోడు దొరకని బాలికల చరిత్రయు ఈ ప్రాంతమునకు కలదు. మహబూబాబాదు జిల్లా చిన్నగూడూరులో 1928లో జన్మించిన దాశరథి రంగాచార్యులు చిల్లరదేవుళ్ళు నవలలో దొరల గడులలోని ఆడబాపల బ్రతుకులను చూపెను. ఆ గడులచుట్టును పురాణము విన్నవారు ఉండిరి, అగ్నిద్యోతనులు లేకపోయిరి.

కావున ఈ ఘట్టమును మనము ఎట్లు బోధించుచున్నామో పునరాలోచింపవలెను. మంచి సంబంధము కుదురుటకై కన్యలచేత చదివించు ఈ కథలో, కుదిర్చిన సంబంధమును కన్య నిరాకరించినది. ఆమెను దండింపక, మందలింపక, ఆమె మాటను నమ్మి కాలినడకన బయలుదేరిన పెద్ద యొకడు ఇందున్నాడు. పారాయణము కన్యలకు విధించి, ఆ పెద్ద పాత్రను మన వంతుగా గ్రహింపకుండుట సగము చదువు. ఉపాధ్యాయులమీద ఆనపెట్టి మాట నిలుపుకొన్న ఆ బ్రాహ్మణుని గూర్చి ఉపాధ్యాయులమైన మనకు ప్రత్యేకమైన బాధ్యత కలదు. మనయొద్దకును ఆ వయస్సు పిల్లలే వచ్చుచున్నారు. ఇంట చెప్పలేని మాటను ఎవరితో చెప్పవలెనో తెలియక వాకిట నిలుచువారు వారిలో ఎందరో. వారికి కావలసినది ఉపదేశము కంటె ముందు, మాటను చెడనీయక మోసి తిరిగి వచ్చునట్టి మనిషి. పోతన అట్టివానికి ఒక పేరు పెట్టెను. అగ్నిని వెలిగించువాడని ఆ పేరునకు అర్థము.